కోస్గిలో కూచుని అమెరికా కొలువు

కోస్గి అనగానే చాలామందికి కర్నూలు జిల్లాలోని కోసిగి గుర్తుకు వస్తుంది. గుంతకల్లు నుంచి రాయచూరు వెళ్ళే రైలుదారిలో తగిలే ఊరు అది. నేను చెప్పబోయేది ఆ ఊరు కాదు. ఈ కోస్గికి రైలు లేదు. హైదరాబాదులో బీజాపూరు రోడ్డు పట్టుకుని, చేవెళ్ళ, మన్నెగూడ, పరిగి దాటి, కొడంగల్ ప్రాంతానికి చేరి, అక్కడినుంచి దక్షిణానికి దిగితే వచ్చే పాలమూరు కోస్గి ఇది. నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం.

ఈ దారి మొదట్లో కన్నుల పండువుగా ఉంటుంది. మొయినాబాదు మొదలు మన్నెగూడ దాకా రోడ్డుకు ఇరుపక్కలా మర్రిచెట్లు, దాదాపు తొమ్మిదివందలు, ఊడలు దించుకుని నిలబడి ఉన్నాయి. రోడ్డు వెడల్పు కోసం వీటిని తీసివేయాలా, ఉంచాలా అన్న తగాదా హరిత న్యాయస్థానం దాకా వెళ్ళింది. పరిగి దాటాక చెట్లు పలచబడి నేల విశాలమవుతుంది. ఎర్రనేల, మధ్యమధ్య నల్లరేగడి. కంది, జొన్న, పత్తి. పొరుగునే తాండూరు. అక్కడి బండ కోస్గి ఇళ్ళలో నేలమీద పరిచి ఉంటుంది. అక్కడి కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎండ మాత్రం ఎవరి గుర్తింపూ అక్కరలేనంత ప్రసిద్ధం.

ఊరు మరీ చిన్నదీ కాదు, పట్టణమని గట్టిగా అనేందుకూ వీలులేదు. 2018లో పురపాలక సంఘమైంది. ఆర్టీసీ డిపో ఉన్నది. బట్టల కొట్లు, ఎరువుల దుకాణాలు, వెండి బంగారం అంగళ్ళు, మిరపకాయ బజ్జీల బండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. జొన్నరొట్టె పెట్టే హోటలు కోసం వెతకనక్కరలేదు.

ఊరు కదలలేదు, ఎల్లలు కదిలాయి

ఈ ఊరికి సరిహద్దులతో ఉన్న చుట్టరికం వింతయినది. నిజాం రాజ్యంలో దివానులుగా పనిచేసిన సాలార్‌జంగుల జాగీరు ఇది. అజంతా, కొప్పళ, యెల్బుర్గా తాలూకాలతోపాటు కోస్గి తాలూకా కూడా వారి ఎస్టేటులోదే. అప్పట్లో గుల్బర్గా జిల్లా లెక్కలో ఉండేది. 1949లో జాగీర్లు పోయినవి. 1956లో రాష్ట్రాలను భాషలవారీగా విడదీసినప్పుడు కొడంగల్ ప్రాంతం గుల్బర్గా నుంచి విడిపోయి మహబూబ్‌నగర్ జిల్లాలో చేరింది. 2016లో జిల్లాలను మళ్ళీ చీల్చితే కొడంగల్ వికారాబాదు జిల్లాకు పోయింది, కోస్గి మహబూబ్‌నగర్‌లో నిలిచింది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడగా కోస్గి అందులోకి వెళ్ళింది. ఇన్నిసార్లు చిరునామా మారినా ఊరు మాత్రం అంగుళం జరగలేదు.

ఎల్ల ఉన్నచోట సుంకం ఉంటుంది. 1802లో కుంపిణీవారు నిజాముతో చేసుకున్న వాణిజ్యపు ఒడంబడికలో సరుకుల మీద నూటికి అయిదు చొప్పున సుంకం నిర్ణయించారు. ఆ సుంకం వసూలు చేసే శాఖకు ‘కరోడ్‌గిరి’ అని పేరు. పెద్దవాళ్ళ నోట ఆ మాట ఇంకా అక్కడక్కడ వినబడుతుంది. ఇంగ్లీషువారి ఇలాకా నుంచి నిజాం ఇలాకాలోకి బండి దిగాలంటే కరోడ్‌గిరి నాకా దగ్గర ఆగవలసిందే. హైదరాబాదు భారతదేశంలో కలిశాక ఆ నాకాలు పోయినవి. పోనిది తైబజారు ఒక్కటే. అంగడి రోజున నేలమీద గంప దింపితే ఇంత, బండి నిలిపితే ఇంత!

నాకా అయినా, తైబజారు అయినా దాని కీలకం ఒకటే. కంటికి కనబడే సరుకు ఉండాలి, దాన్ని ఆపేందుకు ఒక చోటు ఉండాలి, చేయి చాచేందుకు ఒక మనిషి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా సుంకం లేదు. ఈ సంగతి పాఠకులు కాస్త గుర్తు పెట్టుకోవాలి, ముందు పనికి వస్తుంది.

బొంబాయి బస్సు

పాలమూరు అనగానే దేశమంతటికీ తెలిసినది ఇక్కడి చెమట. ఎక్కడ ఆనకట్ట లేచినా, కాలువ తవ్వినా, రోడ్డు పరిచినా పాలమూరు కూలీ అక్కడ ఉండేవాడు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి గుంపును లేవదీసుకుపోయేవాడు. కోస్గి, మద్దూరు, కొడంగల్, నారాయణపేట ప్రాంతాలవారికి మరీ అలవాటైన దారి పడమటి దారి. పుణే, బొంబాయి. కొన్ని కుటుంబాలలో మూడుతరాలు ఆ దారిన నడిచాయి. ముసలివాళ్ళనూ పిల్లలనూ ఇంట వదిలి, గుడిసెకు తాళం పెట్టి, మూటాముల్లెతో బస్సు ఎక్కడం ఇక్కడ ఏటేటా చూసే దృశ్యం.

టీ హోటల్లో ఒక పెద్దమనిషిని అడిగాను, ఇప్పుడు కూడా అంతేనా అని. ఆయన గ్లాసు కిందపెట్టి, “పొయ్యెటోళ్ళు పోతనే ఉన్నరు సారూ. కాని కొందరు పిలగాండ్లు ఈన్నే కూసోని అమెరికా పని జేస్తున్రు. రాత్రంతా దీపం ఎలుగుతనే ఉంటది” అన్నాడు. అని, ఆ దీపాలలో ఒకదాని ఇంటికి నన్ను స్వయంగా తీసుకువెళ్ళాడు.

మేడమీది గది

మేడమీద చిన్న గది. ఒక బల్ల, కుర్చీ, రెండు తెరల కంప్యూటరు. ఒక మూల ఇన్వర్టరు, దానిమీద దేవుడి పటం. కిటికీలోంచి రెండు తీగలు లోపలికి వస్తున్నాయి. ఒక తీగ తెగినా రెండోదానితో పని నడవాలని రెండు కంపెనీల ఇంటర్‌నెట్టు పెట్టించుకున్నాడు ఆ ఇంటి కుర్రవాడు. ఇరవైయేడేళ్ళు ఉంటాయేమో. ఊళ్ళోని పాలిటెక్నిక్‌లో డిప్లొమా, హైదరాబాదులో ఇంజనీరింగు, అక్కడే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. కరోనా వచ్చాక ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు. ఇప్పుడు అమెరికాలో ఇంటిసామాను అమ్మే ఒక మధ్యరకం వ్యాపార సంస్థకు నేరుగా పని చేసిపెడుతున్నాడు. పని గంటల లెక్కన డాలర్లు బ్యాంకుకు వస్తాయి. ఎగుమతి సేవ కనుక మన జీఎస్టీలో దాని రేటు సున్నా. ఆదాయపు పన్ను ఎలాగూ తప్పదు.

అక్కడ తెల్లవారే వేళకు ఇక్కడ పొద్దుగూకుతుంది. సాయంత్రం ఆరున్నరకు కూచుంటే రాత్రి రెండుగంటల దాకా లేవడు. అమెరికావారు చలికాలంలో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఇతని భోజనవేళ కూడా ఏడాదికి రెండుసార్లు మారుతుంది!

చేసే పని ఏమిటని అడిగాను. గిడ్డంగిలో ఎన్ని కుర్చీలున్నాయి, ఎన్ని ఓడలో వస్తున్నాయి, ఒక్కొక్కటి దుకాణానికి చేరేసరికి ఎంత పడుతుంది, ఈ లెక్క తేల్చే ప్రోగ్రామును చూసుకోవడం. అమెరికాలోకి దిగే ప్రతి సరుకుకూ అక్కడి సుంకాల పట్టికలో పది అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ఆ సంఖ్యను బట్టి, ఏ దేశంనుంచి వచ్చిందన్న దాన్ని బట్టి సుంకం.

2025లో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఈ పట్టికను ఎలా తిప్పాడో పాఠకులు పత్రికలలో చదివే ఉంటారు. ఏప్రిల్ 2న దేశానికొక రేటు ప్రకటించాడు. మన దేశానికి 26 శాతం. వారం తిరగకుండానే ఆపాడు. ఆగస్టు 7నుంచి మనకు 25 శాతం అన్నాడు. రష్యా చమురు కొంటున్నందుకు ఆగస్టు 27నుంచి మరో 25 కలిపి మొత్తం 50 చేశాడు. ఇట్లాంటి అంకెలు బేరసారాలతో పెరుగుతూ తరుగుతూ ఉండేవే. అంకె మారిన ప్రతిసారీ కోస్గిలో ఈ కుర్రవాడు రాత్రికి రాత్రి పట్టిక మార్చవలసి వచ్చింది.

“ఏప్రిల్ నుంచి ఆగస్టు దాంక మస్తు పని ఉండె సార్” అన్నాడు నవ్వుతూ. “మాకేం, సుంకం మంచిదే అనుకున్నం. తర్వాత సమజైంది. సుంకం పెరిగితే వాళ్ళ సరుకు పిరమైంది, కొనెటోళ్ళు తగ్గిన్రు. సరుకే తక్కువైతే లెక్క రాసెటోనికి పనేముంటది? వారానికి నలభై గంటలున్న పని ఇరవైయ్యైదు గంటలకు వచ్చింది.”

చూడండి, విషయమంతా ఇందులోనే ఉన్నది. అతని పని మీద అమెరికా ఒక్క పైసా సుంకం వేయలేదు. వియత్నాం కుర్చీ మీద వేసింది, చైనా బల్ల మీద వేసింది. ఆ దెబ్బ ఓడలో ప్రయాణం చేసి, అక్కడి దుకాణంలో దిగి, అక్కడినుంచి తీగవెంట కోస్గి మేడమీదికి వచ్చి చేరింది. రైతుకు వాన పడకపోతే కంసాలికి బేరం తగ్గినట్టు!

కుర్రవాడి తండ్రి గడపలో కూచుని ఇదంతా వింటున్నాడు. ఏళ్ళతరబడి పుణేలో భవనాలు కట్టిన చేతులు ఆయనవి. ఆయన అన్న మాట నా చెవిలో ఇంకా మోగుతూనే ఉన్నది. “నేను పనికి పోయినకాడ పని బందైతే మేస్త్రీ వచ్చి చెప్పెటోడు సారూ. కొట్లాడెటందుకన్న ఒక మనిషి ఉండె. వీనికి చెప్పెటోడే కనబడడు.”

పక్కింటి నేతగాడు కూడా వచ్చి కూచున్నాడు. ఈ ప్రాంతపు మగ్గాలు పేరుపడ్డవే. గళ్ళ నేత, అంచులో గుడి గోపురాల వరుస ఉన్న నారాయణపేట చీర తెలియని తెలుగు ఇల్లు ఉండదు. బట్టల మీద కూడా అమెరికా సుంకం వేసింది కదా, మీకేమైనా తగిలిందా అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన చీర కట్టేవాళ్ళు హైదరాబాదులో, పుణేలో, షోలాపూరులో ఉన్నారు. అమెరికా సుంకం ఆయన గుంటమగ్గం దాకా రాలేదు. కంటికి కనబడే వస్తువు చేసేవాడు నిశ్చింతగా ఉన్నాడు. ఏ వస్తువూ చేయనివాడికి సుంకం తగిలింది. కోస్తాలో రొయ్యల రైతుల పాట్లు వేరు. వారికి అమెరికాయే పెద్ద అంగడి, కనుక దెబ్బ తిన్నగా తగిలింది.

తీగమీద నాకా పెట్టగలరా?

మరి ఈ తీగమీద పోయే పనికే నేరుగా సుంకం వేస్తే? కరోడ్‌గిరి కీలకం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సరుకు కనబడాలి, ఆపే చోటుండాలి, వసూలు చేసే మనిషి ఉండాలి. కుర్రవాడు మీట నొక్కిన క్షణంలో అతని పని సముద్రగర్భంలోని తీగలవెంట అమెరికా చేరుతుంది. ఓడరేవులో దిగదు. దానికి పది అంకెల సంఖ్య లేదు. సుంకపు అధికారి దాన్ని తూచలేడు, తెరిచి చూడలేడు.

నిజానికి సాఫ్ట్‌వేరు సరుకా, సేవా అన్న వివాదంలో తెలుగుదేశానికి ఒక స్థానం ఉన్నది. అమ్మకపు పన్ను విషయమై టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ జరిగిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004 నవంబరులో తీర్పు చెప్పింది. బిళ్ళమీదికి ఎక్కించి అంగట్లో అమ్మే ప్రోగ్రాము సరుకేనని, దానిమీద రాష్ట్రం అమ్మకపు పన్ను వేయవచ్చునని ఆ తీర్పు. అంటే బిళ్ళలో కూచుంటే సరుకు. మరి ఒక కొనుగోలుదారు కోసం ప్రత్యేకంగా చేసి తీగవెంట పంపితే? అక్కడే చిక్కంతా.

ఈ చిక్కును ప్రపంచ వాణిజ్య సంస్థ ముందే చూసింది. 1995నుంచి అమలులో ఉన్న సేవల ఒడంబడికలో సేవ సరిహద్దు దాటే దారులను నాలుగుగా పంచారు. వాటిని కోస్గి భాషలో చెప్పుకోవచ్చు. పని ఇంట్లోనే చేసి పంపడం మొదటిది; మేడమీది కుర్రవాడు. రోగి వైద్యుడి ఊరికి పోయినట్టు కొనేవాడే రావడం రెండోది. పరదేశంలో దుకాణం తెరవడం మూడోది. మనిషే మూట కట్టుకుని పోవడం నాలుగోది. సరిహద్దు దాటకపోయినా పుణే మేస్త్రీ వెంట పోయిన తండ్రిది ఆ తరహా. తండ్రి నాలుగో దారిని వదిలిపెట్టి కొడుకు మొదటి దారి పట్టాడన్నమాట.

1998 మే నెలలో జెనీవాలో సభ్యదేశాలన్నీ కూడి, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే వాటిమీద ప్రస్తుతానికి సుంకం వేయబోమని ఒప్పుకున్నాయి. అదే ఏడు నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ రెండు సంఘటనలకూ సంబంధం ఉన్నదని ఎవరూ అనుకోలేదు కాని, ఒకదాని నీడలో రెండోది పెరిగింది. 2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలకు, ఉద్యోగాలు తొమ్మిది లక్షలకు పైగా చేరినవి. జెనీవా మాట మాత్రం శాశ్వతం కాదు. రెండేళ్ళకొకసారి కౌలు పొడిగించినట్టు పొడిగిస్తూ వచ్చారు. 2024లో అబూధాబీ సభలో మళ్ళీ పొడిగించి, 2026 మార్చి 31 దాటకుండా గడువు పెట్టారు.

విచిత్రమేమిటంటే ఈ పొడిగింపును గట్టిగా ప్రశ్నించిన దేశాలలో మనది ఒకటి, దక్షిణాఫ్రికా ఒకటి. సినిమాలు, పుస్తకాలు, పాటలు అన్నీ తీగవెంటనే దిగుమతి అయితే పేదదేశాలకు సుంకం రాబడి పోతుందని మన వాదన. వాదనలో న్యాయం లేకపోలేదు. ఇండొనీషియా 2018లో తన సుంకాల పట్టికలో సాఫ్ట్‌వేరుకు ఒక గడి కేటాయించి, రేటు సున్నా అని రాసి పెట్టుకున్నది. ఎప్పుడైనా మార్చవచ్చునని కాబోలు. మన దేశం కూడా విదేశీ కంపెనీల ఆన్‌లైను ప్రకటనల మీద 2016లో ఆరు శాతం, వారి ఆన్‌లైను వ్యాపారం మీద 2020లో రెండు శాతం లెవీ వేసింది. అమెరికా గుర్రుమన్నది. రెండు శాతాన్ని 2024 ఆగస్టులోను, ఆరు శాతాన్ని 2025 ఏప్రిల్‌లోను ఎత్తివేశారు. కాబట్టి తీగమీద నాకా పెట్టే ఆలోచన ఒక్క అమెరికాదే అనుకోరాదు. మనం ఇక్కడ పెట్టుకున్న నాకా రేపు అక్కడ మన కుర్రవాడికే ఎదురుకావచ్చును.

వీధి తలుపు కాకపోతే దొడ్డి తలుపు

సరిహద్దులో పన్ను వేయడం కష్టమైతే, డబ్బు చెల్లించే మనిషి దగ్గర వేయవచ్చు. అది చాలా సులువు. 2025 సెప్టెంబరులో అమెరికా సెనేటులో ఒహాయో సభ్యుడు బెర్నీ మొరేనో ప్రవేశపెట్టిన బిల్లు ఇటువంటిదే. విదేశీయుల చేత పని చేయించుకుని చెల్లించే సొమ్ము మీద నూటికి 25 పన్ను వేయాలని, ఆ చెల్లింపును వ్యాపార ఖర్చుగా చూపనివ్వరాదని అందులో ప్రతిపాదన. బిల్లు ప్రవేశపెట్టినంత మాత్రాన చట్టం కాదు. కాని అది చట్టమైతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం.

అమెరికా కంపెనీ మన కుర్రవాడికి 100 డాలర్లు ఇస్తుందనుకోండి. అక్కడి కేంద్రపు కంపెనీ పన్ను 21 శాతం. ఆ నూరు డాలర్లను ఖర్చుగా చూపితే 21 డాలర్ల పన్ను మిగులుతుంది. అసలు భారం 79 డాలర్లే. కొత్త పద్ధతిలో ఖర్చుగా చూపడానికి వీలులేదు, పైన 25 కట్టాలి. భారం 125 డాలర్లు. 79నుంచి 125కు! ఇక్కడి కుర్రవాడి జేబులో ఒక్క పైసా పెరగదు, అక్కడివాడి ఖర్చు సగానికి పైగా పెరుగుతుంది. అప్పుడు యజమాని చెప్పేది ఒకటే: నీ రేటు తగ్గించుకో, లేదా సెలవు. పెద్ద కంపెనీలకు బేరమాడే న్యాయవాదులుంటారు, అమెరికాలోనే శాఖలుంటాయి. మేడమీద ఒంటరిగా కూచున్నవాడికి ఇన్వర్టరు తప్ప అండ లేదు.

ఇంకొక తలుపు మనుషులది. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు చేసిన ప్రకటనతో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు చెల్లించాలన్నారు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ వీసాలు మంజూరైనవారిలో నూటికి 71 మంది భారతీయులే. అందులో తెలుగువారి వాటా ఎంత ఘనమో మన ఊళ్ళ పెళ్ళిసంబంధాలే చెబుతాయి. మూడోది డబ్బు ఇంటికి పంపే తలుపు. అక్కడినుంచి స్వదేశానికి పంపే సొమ్ము మీద అయిదు శాతం పన్ను అని మొదట బెదిరించారు. 2025 జూలై 4న సంతకమైన చట్టంలో అది ఒక శాతమై, నగదు, మనీ ఆర్డరు వంటి వాటికి పరిమితమైంది. బ్యాంకు ఖాతానుంచి పంపే సొమ్ముకు అంటదు.

ఇందులో మరొక వింత ఉన్నది. మనిషి పోయే దారికి లక్ష డాలర్ల గుమ్మం కడితే, పని తనంతట తానే మనిషి ఉన్న చోటికి రావచ్చు. నీరు పల్లమెరుగు అన్నారు. అట్లా వస్తే కోస్గి మేడకు మేలే. కాని అమెరికా శాసనకర్తలకు ఆ సంగతి తెలియక కాదు; లక్ష డాలర్ల ప్రకటన సెప్టెంబరు మూడోవారంలో వస్తే, 25 శాతం బిల్లు అదే నెల మొదటివారంలో వచ్చింది. ఒక గండి పూడుస్తూ రెండో గండి వైపు కూడా చూస్తున్నారన్నమాట.

వారి కోపానికి కారణం లేదనీ అనలేము. ఒహాయోలో ఫ్యాక్టరీ మూతపడిన కూలీ, పని దొరకని అక్కడి పట్టభద్రుడు, వీరు కూడా మన పుణే తండ్రిలాగే పని బందైనవారు. వాళ్ళకూ చెప్పే మేస్త్రీ కనబడడు. పన్ను వేస్తే వారికి పని తిరిగి వస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఆ పని కొంత యంత్రానికీ పోవచ్చు, ఫిలిప్పీన్సుకో పోలండుకో కూడా పోవచ్చు.

2028 సంగతి

కోస్గిలో ఇదంతా మేడమీది ఒక్క గదితో ఆగేది కాదు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి శాసనసభకు ఎన్నికైన కొడంగల్ నియోజకవర్గంలోనిది ఈ ఊరు. ఇక్కడి ప్రభుత్వ పాలిటెక్నిక్‌ను 2024లో ఇంజనీరింగు కళాశాలగా పెంచారు. పెట్టినవి కంప్యూటరు కోర్సులు: కంప్యూటరు సైన్సు, కృత్రిమ మేధ, డేటా సైన్సు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో ఐటీ టవరు తెరిచారు. పొరుగున ఉన్న మద్దూరును 2024 డిసెంబరులో టీ-ఫైబరు తీగలు ప్రయోగానికి వేసిన పల్లెలలో ఒకటిగా ఎంచుకున్నారు. నేల కింద నీళ్ళు పాతాళానికి పోయిన చోట తీగ పాతుతున్నారు. బొంబాయి బస్సు ఎక్కవలసిన కుర్రవాడు కుర్చీ ఎక్కుతాడని ఆశ.

ఆశ మంచిదే. అయితే 2024లో చేరిన మొదటి తరగతి 2028లో బయటికి వస్తుంది. అప్పటికి ఏ పన్ను ఏ తలుపు దగ్గర కాచుకుని ఉంటుందో ఇవాళ పిల్లలకు చెప్పగలవారు లేరు. అందువల్ల చెప్పవలసినవి వేరే ఉన్నాయి. పంట వేసే రైతు ఒకే విత్తనం వేయడు; కందిలో జొన్న కలుపుతాడు. ఒక్క దేశాన్నీ, ఒక్క యజమానినీ నమ్ముకున్నవాడి గంటలు ఒక్క రాత్రిలో సగమవుతాయి. 2025 జూలై 24న మన దేశం బ్రిటనుతో వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. దానితోపాటు కుదిరిన ఏర్పాటు ప్రకారం కొద్దికాలం పనిమీద అక్కడికి పోయిన మనవారు మూడేళ్ళదాకా అక్కడి సామాజిక భద్రత చందా కట్టనక్కరలేదు. ఇటువంటి తలుపులు కూడా తెరుచుకుంటూ ఉంటాయి. వాటి వార్త కోస్గి కళాశాల గోడమీద కూడా అంటించాలి.

రెండోది, వట్టి సంకేతాలు రాయడం నేర్చినవాడి కన్నా, సరుకుల లెక్క, సుంకాల పట్టిక, గిడ్డంగి మర్మం తెలిసినవాడు ఎక్కువకాలం నిలుస్తాడు. మేడమీది కుర్రవాడిని ఇరవైయ్యైదు గంటలైనా ఉంచుకోవడానికి కారణం అదేనని అతనే చెప్పాడు. అతని స్థానంలో ఉన్న మరొక ఇద్దరిని పూర్తిగా తీసివేశారట. ఇప్పుడు మిగిలిన గంటలలో తాండూరు కంది వ్యాపారి ఒకాయనకు సరుకు లెక్కల ప్రోగ్రాము చేసిపెడుతున్నాడు. డాలర్లు కావు, రూపాయలే. కాని ఆ రూపాయలకు సముద్రం అడ్డం లేదు.

మూడోది ప్రభుత్వంవారు చేయవలసినది. ఇలాంటివారు ఎందరున్నారో, ఏ దేశానికి ఏ పని చేస్తున్నారో జిల్లాలవారీగా లెక్క తీయాలి. పెద్ద కంపెనీల గొడవలు ఢిల్లీకి చేరతాయి. ఒంటి మనిషి గొడవ మండలం దాటదు. ప్రపంచ సభలో మన ప్రతినిధి తీగమీది సుంకం గురించి మాట్లాడేటప్పుడు దిగుమతి అయ్యే సినిమాలతోపాటు ఎగుమతి అయ్యే ఈ రాత్రిపని కూడా ఆయన కాగితంలో ఉండాలి.

పాలమూరు కూలీ ఆనకట్టలు కట్టాడు. ఆ నీళ్ళు చాలామటుకు వేరేవారి పొలాలకు పోయాయి. ఈ తరం కట్టే కట్టడం కంటికి కనబడదు, దానికి రాళ్ళెత్తినవారి పేరూ ఎక్కడా చెక్కరు. కనీసం దానిమీద వచ్చే కూలి అయినా కోస్గికి చేరాలి. ఎవరో ఎక్కడో పట్టికలో ఒక అంకె మార్చినంత మాత్రాన, ముప్ఫయి ఏళ్ళు తండ్రి ఎక్కిన బస్సునే కొడుకు మళ్ళీ ఎక్కవలసిన గతి రాకూడదు.